నాగదుర్గ బొట్టు పెట్టిన పెట్టె

నాగదుర్గ నోటికి పాలెంలో జడవని మనిషి లేడు. సముద్రం కూడా ఆవిడ ఒడ్డున లేని పూటే ఎక్కువ గోల చేస్తుందని వెనకాల చెప్పుకునేవారు. ముందర చెప్పే ధైర్యం ఎవరికుంది గనక?

వశిష్ఠ గోదారి సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతల, సరుగుడు తోటల వెనక వాళ్ళ పల్లెపాలెం. మొగుడు సూర్యారావు పడవ నడిపేవాడు. ఒడ్డుకొచ్చిన చేపకి వేలం పాట పాడేదీ, మంచు బేరమాడేదీ, వలదారం కొనేదీ నాగదుర్గ. బడి మొహం పెద్దగా చూసిన మనిషి కాదు. సంతకం పెడుతుంది, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటుంది, అంతే. ఆవిడ చదువంతా చేతుల్లో ఉంది. చేప మొప్ప ఎత్తి ఒక్క చూపు చూస్తే చాలు, అది ఏ పూట చచ్చిందో చెప్పేస్తుంది. దారం కొనాలంటే కొస పళ్ళ మధ్య పెట్టి గుంజుతుంది. ఒకసారి మంచు దిమ్మని గోటితో గీకి నాలిక్కి రాసుకుని, "ఉప్పునీళ్ళు గడ్డకట్టించి తెచ్చేవేంట్రా, మా చేపలకి ఊరగాయ పెడతావా?" అని వేన్ వేన్‌గానే వెనక్కి పంపించేసింది.

అందుకే పాలెంలో ఎవరేం కొన్నా ముందు దుర్గ ఏమందో కనుక్కునేవారు. ఆవిడ ఊఁ అంటే కొనేవారు, పెదవి విరిస్తే మానేసేవారు. ఇంతటి మనిషి మొప్ప ఎత్తి చూడకుండా తన జన్మలో ఒకే ఒక్క వస్తువు కొంది. కొన్నదానితో ఊరుకోలేదు, పాలెం చేత కొనిపించింది.

సముద్రంలో దారులుండవు, గురుతులుంటాయి. ఏ నీళ్ళ అడుగున రాళ్ళగుట్ట ఉందో, దాని మీద వంజరం చేప ఎప్పుడు తిరుగుతుందో, మునిగిపోయిన పాత ఓడ ఇనుము ఎక్కడ వలని చీరేస్తుందో, అవన్నీ పడవ నడిపేవాడి ఆస్తి. ఒక పడవ గురుతు ఇంకో పడవకి చెప్పరు. అన్నదమ్ములైనా సరే, ఒకే కంచంలో తింటారు గానీ గురుతు మాత్రం చెప్పుకోరు. తండ్రి ఇచ్చినవి కొన్ని, తను పోగేసినవి కొన్ని, సూర్యారావు దగ్గర పాలెంలో ఎవరికీ లేనన్ని ఉండేవి. వెనకటికి లైటుహౌసునీ ఫలానా తాటిచెట్టునీ ఒక వరసలోకి తెచ్చి చూసుకునేవాడు. సముద్రం ఒడ్డుని కోసుకుంటూ వచ్చి ఆ తాటిచెట్లన్నిటినీ మింగేసింది. ఆ తరవాత నీళ్ళ రంగు చూసి, అల విరిగే తీరు చూసి పట్టుకునేవాడు. అంతలో షుగరు వచ్చి కళ్ళ మీద కూర్చుంది. పడవ అల్లుడు సాయిదుర్గాప్రసాద్ చేతిలో పెట్టాలి. పడవ ఇవ్వడం ఒక్క పూట పని. గురుతులు ఎలా ఇవ్వడం?

అదిగో, అప్పుడు వచ్చింది పెట్టె.

కిందటేడు వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఒడ్డున తారు పూయించుకుంటున్నాయి. అమలాపురం నుంచి సురేంద్ర అనే ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మాట. ఆయన తెచ్చిన పెట్టె పేరు సాగరనేత్ర. పడవలో బిగించి, కావలసిన చోట మీట నొక్కితే ఆ చోటు గుర్తుంచుకుంటుంది. మళ్ళీ అడిగితే దారి చూపిస్తుంది. సురేంద్ర నేరుగా నాగదుర్గ ఇంటికే వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, పెట్టిన చేపల పులుసు వేళ్ళు నాకుతూ తిన్నాడు.

"అమ్మగారండీ, ఈ పాలెంలో మీ మాటే మాటని అమలాపురంలో కూడా చెప్పుకుంటున్నారండీ" అన్నాడు.

అమలాపురంలో ఎవరు చెప్పుకుంటారో, ఎందుకు చెప్పుకుంటారో నాగదుర్గ అడగలేదు. ఇంకో ముక్క వడ్డించింది.

రాజోలులో నతానియేలుకి చిన్న కొట్టుంది. ఫోన్లూ, పడవల మీది యంత్రాలూ బాగుచేస్తాడు. సంగతి తెలిసి తను అమర్చిన పెట్టె ఒకటి సంచిలో వేసుకుని బైకు మీద వచ్చాడు. అది చూడ్డానికి అటుకుల డబ్బాలా ఉంది. సురేంద్ర ఇంకా నాగదుర్గ వాకిట్లో ఉండగానే పడవలవాళ్ళంతా మూగారు.

"పైన పెట్టె చూసి మోసపోకండి" అన్నాడు నతానియేలు. "లోపల డేటాబేస్ అని ఒకటి ఉంటుందండి. మీరు నొక్కిన గురుతు అందుకుని దాచేదీ, అడిగితే తెచ్చిచ్చేదీ అదే. అసలు సరుకు అది. నా పెట్టెలో ఉన్నది ఓపెన్ సోర్స్‌ది. దానికి ఎవరూ డబ్బు తీసుకోరు. అదెలా పని చేస్తుందో లోకంలో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. తప్పుంటే పట్టుకోవచ్చు."

"ఎవరైనా చదివెయ్యచ్చా? అయితే మా గురుతులు ఊరంతా చూసేస్తారన్నమాట!" అంది నాగదుర్గ.

"లేదండీ పిన్నిగారూ. పులుసు ఎలా పెడతారో ఊరందరికీ తెలుసు. మీ గిన్నెలో ఏ ముక్కుందో మీరు మూత తీస్తేనే కదండీ తెలిసేది?"

"నా గిన్నె మూత జోలికి నువ్వు రాకు. సురేంద్రగారూ, మీదాంట్లో ఎలాగండీ?"

"మాది కంపెనీ సొంత డేటాబేస్ అండీ అమ్మగారూ. మేం తప్ప ఎవరూ తెరవలేరు. మధ్యలో కరెంటు పోయినా ఒక్క గురుతు పోదు. ఈ ఊరికే వచ్చేవాటి కంటే వంద రెట్లు వేగం."

"ఆ వంద ఎవరు కొలిచేరండీ?" అన్నాడు నతానియేలు.

"మా లేబులో."

"మీ పెట్టెని మీ లేబులో మీరే కొలుచుకున్నారా! అయినా గురుతు దాచడానికి అంత వేగం ఎందుకండీ? రాళ్ళగుట్టేమైనా లేచి పారిపోతుందా?"

పడవలవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నాగదుర్గకి గుచ్చుకుంది. అప్పటికే ఆవిడ నలుగురిలో "నేను సాగరనేత్రే తీసుకుంటున్నాను" అనేసి ఉంది.

"ఊరికే ఇచ్చేవాడి దగ్గర ఏదో మతలబు ఉంటుంది. మా రేవులో ఊరికే ఇచ్చేది కుళ్ళిన చేప ఒక్కటే, అది కూడా కాకులకి. తీసుకుపో బాబూ నీ డబ్బా" అంది. ఈసారి నవ్వు నతానియేలు మీదికి తిరిగింది.

ఆయన మొహం ఎర్రబడింది గానీ గొంతు పెంచలేదు. "సరేనండీ. నా మాట నమ్మొద్దు, ఆయన మాటా నమ్మొద్దు. రెండు పెట్టెలూ బ్యాటరీకి తగిలించండి. గురుతులు రాస్తుండగా వైరు పీకండి. మీ చేత్తోనే పీకండి. తగిలించి పీకి, తగిలించి పీకి చూడండి. ఏది బతికితే అది కొనుక్కోండి."

బాగుంది బాగుంది అన్నారు పడవలవాళ్ళు. నాగదుర్గ సురేంద్ర కేసి చూసింది. ఆయన చిరునవ్వు అక్కడే ఉంది గానీ కళ్ళు లోపలికి పోయాయి. నిలవ చేప కళ్ళు అలాగే పోతాయి. ఆ సంగతి ఆవిడ కంటే తెలిసినవాళ్ళు ఆ ఒడ్డు మొత్తం మీద లేరు. చూసింది. చూసి కూడా, తన మాట తిరగబడుతుందేమోనన్న భయంతో, ఇంట్లోకి వెళ్ళి కుంకంభరిణె పట్టుకొచ్చింది.

అక్కడి ఆచారం ఒకటుంది. పడవెక్కే కొత్త వస్తువుకి గంగమ్మ పేరు చెప్పి పసుపు రాసి బొట్టు పెడతారు. బొట్టు పడ్డాక అది అమ్మవారి సొత్తు. దాన్ని శంకించకూడదు, పరీక్ష పెట్టకూడదు. ఎవరూ పిలవకుండా, ముహూర్తం చూడకుండా, నాగదుర్గ సాగరనేత్ర నొసట ఇంత బొట్టు పెట్టేసింది.

"పీకు బాబూ వైరు. గంగమ్మది, పీకు చూద్దాం" అంది.

నతానియేలు ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. పది మంది పల్లెవాళ్ళ మధ్య బొట్టు పెట్టిన వస్తువు మీద చెయ్యి వేస్తే మాట ఎక్కడికి పోతుందో ఆయనకి తెలుసు. అది ఆయనకి తెలుసనీ నాగదుర్గకి తెలుసు. ఆయన తన పెట్టె సంచిలో పెట్టుకుని, "వస్తానండీ పిన్నిగారూ" అని వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే పాలెంలో ఏడెనిమిది పడవలు సాగరనేత్ర బిగించుకున్నాయి.

సూర్యారావు, చూపు మిగిలున్న ఆ ఆఖరి ఏడాదంతా, పడవ ముక్కు మీద కూర్చుని నీళ్ళకేసి మొహం పెట్టి, "ఇక్కడ నొక్కు... కాదు, ఇంకాస్త తూర్పుకి... ఆఁ, నొక్కు" అని అల్లుడికి ఒక్కొక్క గురుతూ అప్పచెప్పాడు. ఏడాది తిరిగేసరికి ఆయనకి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదు. అయినా దిగులు పడలేదు. "నా కళ్ళు పెట్టెలో ఉన్నాయే" అనేవాడు. అన్నప్పుడల్లా నాగదుర్గ గర్వంగా తల ఎగరేసేది.

ఈ ఏడు నిషేధం ఎత్తేసిన రోజు మొదటి వేటకి వెళ్ళిన ప్రసాదు, చేప లేకుండా తిరిగొచ్చాడు. అత్తగారిని పడవ చాటుకి పిలిచాడు.

"అత్తా, పెట్టెలో గురుతులు లేవండీ."

"లేకపోవడమేంటి బాబూ?"

"వల లాగేటప్పుడు ఇంజను ఆపి, ఎప్పట్లాగే బ్యాటరీ స్విచ్చి కొట్టేను. మళ్ళీ వేస్తే వెలిగింది గానీ లోపల ఖాళీ. ఎంత కెలికినా ఖాళీయే."

ఇది అక్కడి పడవలవాళ్ళందరి అలవాటు. వల లాగినంతసేపూ బ్యాటరీ దిగిపోతుందని స్విచ్చి టక్కున కొట్టేస్తారు. మధ్యలో కరెంటు పోయినా ఫరవాలేదన్న పెట్టె కదా మరి.

"మీ మావయ్యకి చెప్పేవా?"

"లేదండీ."

"చెప్పకు. ఎవరికీ చెప్పకు."

సురేంద్రకి ఫోను చేసింది. అమ్మగారండీ అనే పిలుపు అలాగే ఉంది, మాట మాత్రం మారింది. స్విచ్చి అలా కొట్టెయ్యడం మీ తప్పండీ, ముందు పెట్టెని దాని పద్ధతిలో నిద్రపుచ్చి అప్పుడు ఆపాలండీ అన్నాడు. "మరి కరెంటు పోయినా పోదన్నారు కదండీ?" అంటే, "కరెంటు పోవడం వేరండీ, మీరు తియ్యడం వేరండీ" అన్నాడు. పోనీ లోపల ఏమైనా మిగిలుంటే తీసివ్వండి అంటే, "ఆ డేటాబేస్ చేసినవాళ్ళు దాన్ని ఆపేసేరండీ, ఇప్పుడు మా దగ్గర కూడా దాన్ని తెరిచే మనుషులు లేరు" అని పెట్టేశాడు. మేం తప్ప ఎవరూ తెరవలేరన్నది అదే నోరు.

మిగతా పడవల పెట్టెలు ఇంకా బాగానే ఉన్నాయి. వాళ్ళూ పూటకి నాలుగుసార్లు స్విచ్చి కొడుతూనే ఉన్నారు. ఒక్క కేక వేస్తే ఆగేవారు. నాగదుర్గ గొంతుకి ఒక కేక ఎంతలో పని? కానీ ఆ కేక వేస్తే, ఏడాది కిందట తను పెట్టిన బొట్టు గురించి అడుగుతారు. పైగా ఇంట్లో ఆయన వింటాడు.

ఎదురింటి అప్పాయమ్మ అడగనే అడిగింది. ఆవిడ కొడుకు సుబ్రహ్మణ్యేశ్వరరావుని అందరూ ఈశ్వర్రావు అంటారు, అతని పడవ మీదా అదే పెట్టె. "ఏమే దుర్గా, మీవాడు వట్టి చేతుల్తో వస్తున్నాడేంటి? పెట్టె బానే ఉందా?"

"బంగారంలా ఉంది పిన్నీ. చేపకే పొగరెక్కింది" అంది నాగదుర్గ.

అబద్ధం చెప్పడం కొత్తైనవాళ్ళు ఇలాగే చెబుతారు. అక్కర్లేని నవ్వొకటి అతికించి మరీ.

ఆ వారం తిరక్కుండానే ఈశ్వర్రావు పెట్టె కూడా పోయింది. ఆయన వచ్చి అరిచి గీపెట్టి ఉంటే నాగదుర్గ బతికిపోయేది, అంతకి రెండింతలు అరిచి గెలిచేది. ఆయన అలా రాలేదు. తువ్వాలు చేత్తో పట్టుకుని, వాకిట్లో నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, మీది బానే ఉందంట కదా. నా చేతిలోనే ఏదో తప్పుంది. మొరటోణ్ణి, ఎక్కడ ఏం నొక్కేనో. మీ అల్లుడుగారు ఎలా వాడుతున్నారో ఒక్కసారి చూపించమని చెప్తారా? మా నాన్న ఇచ్చిన గురుతులక్కా అవి."

నాగదుర్గ గడప లోపల్నించే "రేపు రా" అంది. ఆయన "ఆయ్" అని వెళ్ళిపోయాడు. ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్ళి కూర్చుంది. అన్నం మాడి వాసన వచ్చేదాకా అక్కడే ఉండి కూడా చూసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి రాజోలు వెళ్ళింది. నతానియేలు కొట్టు ముందు చాలాసేపు బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడింది. ఆయనే చూసి కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు. కొంగులోంచి పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. బొట్టు చెరిగిపోయి ఎర్ర మరక మిగిలింది.

ఆయన దాన్ని తన కంప్యూటరుకి తగిలించి, ఏవేవో చేసి, చివరికి తల అడ్డంగా ఊపాడు. "లోపల ఏదో ఉందండీ. కానీ అది ఏ వరసలో రాసుందో తెలియదు. రాసినవాళ్ళు చెప్పరు, చెప్పాల్సినవాళ్ళు కొట్టు కట్టేసేరు. నా వల్ల కాదు పిన్నిగారూ."

"నీ డబ్బా అయితే పోయేది కాదా?"

"నేను పెట్టింది ముందు పక్కన రాసుకుని, అది పూర్తయ్యాకే అసలు చోట పెడుతుందండీ. మధ్యలో వైరు పీకినా, మళ్ళీ వెలిగేక ఎక్కడ ఆగిందో చూసుకుని సర్దుకుంటుంది. వీళ్ళు వేగం కోసం ఆ పని ఎగ్గొట్టి ఉంటారని నా అనుమానం. లోపల చూడనివ్వరు గనక గట్టిగా చెప్పలేను. పెట్టే చెడిపోయిందనుకోండి, నాదాంట్లోవైతే ఆ గురుతులు తెరవడం వచ్చినవాళ్ళు ఏ ఊళ్ళోనైనా దొరుకుతారు."

"అయితే కంపెనీలన్నీ దొంగవేనా?"

"అలా అననండీ. పరీక్ష పెట్టుకోమనే కంపెనీలూ ఉన్నాయి. ఊరికే వచ్చేవాటిలో చెత్తా ఉంది. చూడనివ్వనిదాన్ని, పీకి చూడనివ్వనిదాన్ని నమ్మొద్దంటాను, అంతే."

పీకి చూడనివ్వనిది ఎవరో ఇద్దరికీ తెలుసు. ఆయన మర్యాదకి కంప్యూటరు కేసి చూస్తున్నాడు.

"ఆ రోజు బొట్టు గంగమ్మ కోసం పెట్టలేదు బాబూ" అంది నాగదుర్గ. "నీ నోరు కట్టడానికి పెట్టేను. నువ్వు దాని మీద చెయ్యి వెయ్యలేవని తెలిసే పెట్టేను."

"తెలుసండీ" అన్నాడు నతానియేలు. ఇంకేమైనా అంటే బాగుండునని ఆవిడ కాసేపు చూసింది. ఆయన పెట్టెని కంప్యూటరు నుంచి విప్పి ఆవిడ వైపు జరిపాడు.

"మిగతావాళ్ళవి ఇంకా ఉన్నాయి. వచ్చి చూడు బాబూ, నేను చెప్తాను అందరికీ."

"తెర మీద కనపడుతున్నంతవరకూ ఒక్కొక్కటీ చూసి మార్చుకోవచ్చండీ. కానీ మీరు పిలిస్తే రాను. మీ మాట మీద సురేంద్రగారు రావడం, మీ మాట మీద నేను రావడం, రెండూ ఒకటే అవుతాయి. పడవలవాళ్ళు పిలవాలి. వాళ్ళ చేత్తో వైరు పీకి చూసుకోవాలి. ఈలోపల ఎవరూ స్విచ్చి కొట్టొద్దని చెప్పండి. అది మాత్రం ఇవాళే చెప్పండి."

తిరిగొచ్చేసరికి రేవులో పడవలు ఆగి ఉన్నాయి. చేప తట్టలు వరసగా పెట్టి, ఆడవాళ్ళు నాగదుర్గ వేలం పాట కోసం ఎదురు చూస్తున్నారు. సూర్యారావు వలల కుప్ప మీద కూర్చుని తాడు అల్లుతున్నాడు. ఆ పనికి కళ్ళక్కర్లేదు.

నాగదుర్గ తట్టల మధ్య నిలబడింది. "బ్యాటరీ స్విచ్చి ఎవరూ ముట్టుకోకండి" అంది. "నిషేధం ఎత్తేసిన రోజే మా పెట్టె పోయింది. లోపల ఒక్క గురుతు లేదు. మీతో చెప్పలేదు. ఈశ్వర్రావు తప్పేమీ లేదు, ఆ పెట్టె మంచిది కాదు. పరీక్ష పెడదామంటే బొట్టు పెట్టి ఆపింది నేనే."

అప్పాయమ్మ తట్ట వదిలి లేచింది.

"మరి మొన్న బంగారమన్నావు?" అంది అప్పాయమ్మ.

"అబద్ధమాడేను పిన్నీ."

"మావాడు తన చేతులే చచ్చుబడ్డాయనుకుని తిండి మానేశాడే! ఒడ్డు మీద మంచు దిమ్మని కూడా నాకి చూసేదానివి, మా గురుతుల దగ్గరికొచ్చేసరికి నీ నాలిక ఎక్కడ పెట్టుకున్నావే?"

నాగదుర్గ తిరిగి ఏదో అంటుందని అందరూ చూశారు. ఆవిడ తల వంచుకుంది. ఆ తల వంగడం ఎవరూ ఎప్పుడూ చూసి ఎరగరు. అప్పాయమ్మకే ఏదోలా అయి మాట ఆపేసింది. పడవలవాళ్ళు మాత్రం ఆగలేదు, తమ తమ పెట్టెల దగ్గరికి ఇసకలో పరిగెత్తారు. ఈశ్వర్రావు ఎవరినో నతానియేలు నంబరు అడుగుతున్నాడు.

సూర్యారావు తాడు ఒళ్ళో పెట్టుకున్నాడు. "అన్నీ పోయేయా?"

"అన్నీ, మావా."

"రాళ్ళగుట్ట?"

"అది కూడా."

ఆయన సముద్రం వైపు మొహం తిప్పాడు. "ఇంట్లో చెప్పచ్చు కదే నాతో" అన్నాడు.

"నీ మొహం చూసి చెప్పలేకపోయేను."

"నా మొహానికేముందే? నీ మొహమే నాకు కనపడదు కదా." తాడు పక్కన పెట్టి నెమ్మదిగా అన్నాడు, "నలుగురిలో అయితే నేనేమీ అనలేనని ఇక్కడ చెప్పేవు."

అలా అనుకుని చెప్పలేదని అనబోయింది. ఆటోలో వస్తున్నంతసేపూ, ఇంటికి కాదు, నేరుగా రేవుకి పోనిమ్మని తనెందుకు చెప్పిందో అప్పుడు తెలిసింది. పుండు మీద ఉప్పునీళ్ళు పోసినట్టు ఒళ్ళంతా మండింది.

"ప్రసాదూ" అని పిలిచాడు సూర్యారావు. అల్లుడు వచ్చి చెయ్యి అందించాడు. నాగదుర్గ కూడా చెయ్యి చాపింది గానీ అది ఆయనకి కనపడేది కాదు. ఆయన అల్లుడి చెయ్యి పట్టుకుని ఇంటివైపు నడిచాడు.

తట్టల్లో చేప ఎండకి మెత్తబడుతోంది, ఈగలు వాలుతున్నాయి. ఎవరో ఒకరు పాట మొదలుపెట్టాలి. ఆడవాళ్ళు నాగదుర్గ కేసి చూశారు. ఆవిడ ఒక తట్ట పక్కన కూలబడి నీళ్ళు చిలకరిస్తూ ఉంది, తలెత్తలేదు. చివరికి అప్పాయమ్మే ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, మొదటి తట్టకి పాట ఎత్తుకుంది.